వేసవిలో ఉప్పునీటి తొట్టి వేడెక్కితే

ఉప్పునీటి తొట్టిలో సముద్రపు గుర్రాల్ని పెంచుదామంటే కుదరదు. వాటికి, వాటి బంధువులైన సన్నటి పైప్‌ఫిష్‌లకు మన దేశంలో 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. మైపాడు దగ్గర వలలో పడినా బతికుంటే సముద్రంలోకే వదలాలి, పెంచకూడదు. కాబట్టి ఇది తొట్టిలో పుట్టి, మరొకరి దగ్గర్నుంచి తెచ్చుకున్న క్లౌన్‌ఫిష్ (నారింజ రంగు మీద తెల్ల చారలుండే చిన్న సముద్రపు చేప) జత సంగతి.

నెల్లూరు ఎండలకు 100 లీటర్ల తొట్టిలో నీళ్లు 32 డిగ్రీలకు చేరాయి. చేపలు పైకొచ్చి రొప్పసాగాయి. వేడినీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది మరి. ఐసుగడ్డలు మాత్రం వేయొద్దు, ఒక్కసారిగా చల్లబడితే ఇంకా చేటు. అద్దం మూత తీసి వల పరిచి, నీటి మీదుగా గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే 3 డిగ్రీలు దిగింది.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఫ్యాను గాలికి ఆవిరయ్యేది నీరు, ఉప్పు కాదు. 11 లీటర్లు తగ్గేసరికి నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత రీడింగు 1.025 నుంచి 1.028కి ఎక్కింది. అక్కడ మళ్లీ ఉప్పునీళ్లు పోశారో, ఇంకా పెరుగుతుంది. బోరునీళ్లయితే వాటి లవణాలు పేరుకుపోతాయి. ఉత్త ఆర్‌ఓ నీళ్లే పోయాలి, రీడింగు రోజుకు 0.001 మించి దిగకుండా. రీడింగు మళ్లీ 1.025కి వచ్చాక గాజు మీద టేపుతో గీత పెట్టుకుని, రోజూ పొద్దున్నే అక్కడిదాకా నింపితే సరి.