అవయవాలు ఎవరికి, దేహం ఎవరికి? సంతకానికి ముందే తెలుసుకోండి

వైద్య కళాశాల అనాటమీ విభాగంలో దేహదానాల రిజిస్టరు రాయడం నా పని. ఒక రాత్రి ఒక కొడుకు తండ్రి పార్థివదేహాన్ని అంబులెన్సులో తీసుకువచ్చాడు. చేతిలో తండ్రి ప్రతిజ్ఞ కార్డు. లామినేషన్ అంచులు విడిపోయినా సంతకం మాత్రం చెక్కుచెదరలేదు. కానీ ఆయన రోడ్డు ప్రమాదంలో పోయారు, పోస్టుమార్టం కూడా అయిపోయింది. మేం తీసుకోలేకపోయాం. మొదటి ఆరు గంటల్లో నేత్రనిధికి (ఐ బ్యాంకు) ఫోను చేసి ఉంటే, పోలీసుల అనుమతితో కళ్లయినా ఇవ్వగలిగేవారు. ఆ సంగతి ఆ కుటుంబానికి ఎవరూ చెప్పలేదు. మీకైనా చెప్పాలని ఇది రాస్తున్నాను.

బతికి ఉండగా అవయవం ఇవ్వాలనుకుంటే ముందు చుట్టరికం చూసుకోండి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ‘దగ్గరి బంధువులు’ అంటే ఎవరో పేరుపేరునా చెప్పింది: భార్య లేదా భర్త, తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. 2011 సవరణ తాతలను, అమ్మమ్మ, నాయనమ్మలను, మనవళ్లను, మనవరాళ్లను చేర్చింది. మనం పెదనాన్న కొడుకును కూడా అన్నయ్య అనే పిలుస్తాం. చట్టం అలా అనుకోదు. మేనమామ, బావమరిది, వదిన కూడా ఆ జాబితాలో లేరు. వీళ్లు ఇవ్వకూడదని కాదు. ప్రేమాభిమానాలతోనే ఇస్తున్నామని, ఇలాంటి దానాలకు అనుమతి ఇచ్చే ఆథరైజేషన్ కమిటీ ముందు రుజువు చేయాలి. కలిసి దిగిన పాత ఫోటోలు, మూడేళ్ల ఆదాయ వివరాలు అడుగుతారు. అవమానంగా భావించవద్దు. పేదవాడి కిడ్నీ డబ్బుకు చేతులు మారకుండా ఆపడానికే ఆ ప్రశ్నలు. అమ్మినా కొన్నా 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. దగ్గరి బంధువే అయినా రక్తం గ్రూపు కలవకపోతే, అదే ఇబ్బందిలో ఉన్న మరో కుటుంబంతో దాతలను మార్చుకునే వీలుంది. దానికీ కమిటీ అనుమతి కావాలి.

మరణించాక ఇచ్చే అవయవాల సంగతి వేరు. ‘మా నాన్న కిడ్నీ మా బాబాయికే ఇప్పించండి’ అని అడిగేవారున్నారు. వారి బాధ నాకు అర్థమవుతుంది, కానీ అలా కుదరదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్ జాబితాలో ఎదురుచూస్తున్నవారికి, రక్తం గ్రూపు, అవసరం తీవ్రత, వరుస వంటివి చూసి కేటాయిస్తారు. జీవన్మృతిని, అంటే మెదడు పూర్తిగా, తిరిగి రాకుండా పనిచేయడం ఆగిపోవడాన్ని (బ్రెయిన్ డెత్), నలుగురు వైద్యుల బృందం ధ్రువీకరించాలి. పరీక్షలు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. తొందరపెడుతున్నారేమోనన్న అనుమానం పెట్టుకోవద్దు. ప్రమాద కేసుల్లో కూడా పోలీసు, పోస్టుమార్టం అధికారుల అనుమతితో అవయవాలు ఇవ్వవచ్చు.

దేహదానం వ్యక్తికి చేసేది కాదు, వైద్య కళాశాలకు చేసేది. పోస్టుమార్టం అయిన దేహాన్ని, అవయవాలు తీసిన దేహాన్ని కళాశాలలు సాధారణంగా తీసుకోవు. భద్రపరిచే ద్రావణం రక్తనాళాల గుండానే ఒళ్లంతా చేరాలి. అవి తెగితే దారిలోనే కారిపోతుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ వంటి అంటువ్యాధులున్నా కాదంటాం. కళ్లు ఇచ్చిన దేహాన్ని మాత్రం సంతోషంగా స్వీకరిస్తాం. కాబట్టి అవయవదానం, దేహదానం రెండు ప్రతిజ్ఞలూ చేయండి. జీవన్మృతి అయితే అవయవాలు ఇచ్చి, దేహాన్ని ఇంటివారు తీసుకువెళ్లి అంత్యక్రియలు చేస్తారు. ఇంట్లో సహజంగా కన్నుమూస్తే ముందు నేత్రనిధి వారు వస్తారు, తరువాత మా దగ్గరికి తీసుకువస్తారు.

ప్రతిజ్ఞ పత్రం మీద ఇద్దరు సాక్షులు ఉండాలి, అందులో ఒకరు దగ్గరి బంధువు కావాలి. మీ మాటకు అందరికన్నా ఎక్కువగా ఎదురు చెప్పే బిడ్డనే ఆ సాక్షిగా కూర్చోబెట్టండి. మీరు పోయిన రోజు నిర్ణయం ఇంటివారి చేతిలోనే ఉంటుంది. వారు వద్దంటే మేం పత్రం చూపించి పట్టుబట్టం. వైద్యుడిచ్చే మరణ ధ్రువపత్రం, ఆధార్ ఎక్కడ దొరుకుతాయో వారికి చెప్పి ఉంచండి. ఫోను నంబర్లను బీరువాలో దాచకుండా గోడ క్యాలెండరు మీద రాయండి. నేత్రనిధి నంబరు పైన, కళాశాల నంబరు కింద.