రఖ్మానినోవ్ రెండో పియానో కాన్సర్టో: అడిగినవారికి ఏ రికార్డింగ్ సూచించాలి, ఎలా సూచించాలి?

రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ రాసిన రెండో పియానో కాన్సర్టోకు (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచనకు) మంచి రికార్డింగ్ ఏదని ఎవరైనా అడిగితే, చాలామంది ఒక పియానిస్టు పేరు చెప్పి ఊరుకుంటారు. ఆ పేరు పట్టుకుని వెతికిన మనిషికి అదే పియానిస్టు వాయించిన రికార్డింగులు రెండో మూడో ఎదురవుతాయి. వాటిలో ముందు కనిపించినదాన్ని కాసేపు విని, ఇందులో అంత గొప్పేముందని పక్కన పెట్టేస్తాడు. సూచన పనికిరావాలంటే అది అడిగిన మనిషికి తగినదై ఉండాలి, వెతికితే అదే దొరికేంత వివరంగా ఉండాలి, ఏ చోట ఏం వినాలో కూడా చెప్పగలగాలి. ఆ మూడూ కుదిరేలా ఈ పని ఎలా చేయవచ్చో కింద వరుసగా వివరిస్తున్నాను.

అడిగినవారి గురించి ముందు తెలుసుకోండి

కర్ణాటక సంగీతం వినే అలవాటున్నవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: స్వరాలన్నీ ముందే రాసి ఉన్నప్పుడు ఎవరు వాయిస్తే ఏమిటి? ప్రశ్నలో న్యాయముంది. ఒకే త్యాగరాజ కృతిని ఇద్దరు విద్వాంసులు పాడితే సంగతులు మారతాయి, నెరవు మారుతుంది, స్వరకల్పన పూర్తిగా వేరవుతుంది. ఈ కాన్సర్టోలో అలాంటి వెసులుబాటు లేదు. మారేదల్లా వేగం, స్వరాల మీద పడే బరువు, పియానోకూ ఆర్కెస్ట్రాకూ మధ్య పాళ్లు, రికార్డు చేసిన హాలు, అప్పటి యంత్రం. అయితే ఇవి మారినప్పుడు వచ్చే తేడా చిన్నది కాదు. ఈ రచనకు స్వయంగా రఖ్మానినోవ్ చేసిన 1929 నాటి రికార్డింగ్ దాదాపు 31 నిమిషాల్లో ముగుస్తుంది. పియానిస్టు స్వియాతొస్లావ్ రిక్టర్ వార్సాలో చేసినది 35 నిమిషాలకు దగ్గరగా నడుస్తుంది. ఒక్క స్వరం కూడా కలపకుండా నాలుగు నిమిషాల తేడా వచ్చిందంటే, ఆ ఇద్దరూ సంగీతాన్ని ఎంత వేరుగా ఊహించారో అర్థమవుతుంది.

కాబట్టి అడిగినవారిని మీరూ రెండు మూడు ప్రశ్నలు అడగండి. ఈ రచనను ఇంతకు ముందు విన్నారా? దేని మీద వింటారు, ఫోన్ స్పీకరా, ఇయర్‌ఫోన్లా, ఇంట్లో పెద్ద స్పీకర్లా? పాత రికార్డుల గరగర భరించగలరా? పియానో నేర్చుకుంటున్నారా? చివరి ప్రశ్న అనవసరమనిపించవచ్చు కానీ, వాయించేవారు వేళ్ల పనిని గమనిస్తూ వింటారు, మిగిలినవారు రాగం (అంటే ఇక్కడ మెలొడీ) వెంట పోతారు. ఇద్దరికీ ఒకే రికార్డింగ్ సరిపోదు.

మీరు ముందుగా నాలుగు చోట్ల ఆగి వినండి

మీరు సూచించబోయే ప్రతి రికార్డింగునూ ఒకే నాలుగు చోట్ల విని పోల్చుకోండి. మొత్తం వింటే మంచిదే, కానీ అరడజను రికార్డింగులు పూర్తిగా వినేసరికి మొదటిది ఎలా ఉందో మరచిపోతారు.

మొదటి చోటు ఆరంభమే. పియానో ఒంటరిగా, చాలా మెల్లని ధ్వనితో మొదలై, ఎనిమిది గతుల్లో (బార్లలో) గంటలు మోగినట్టుగా పెరుగుతూ పోతుంది. ప్రతి స్వరగుచ్ఛం (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) తరువాత అట్టడుగు మంద్రంలో ఒక స్వరం గట్టిగా దిగుతుంది. స్వరలిపిలో మోడెరాటో (మధ్యస్థ వేగం) అనీ, నిమిషానికి 66 హాఫ్ నోట్లు అనీ వేగం రాసి ఉంది. రిక్టర్ ఈ చోట దానికంటే చాలా నిదానంగా నడుస్తారు. ఒక్కొక్క దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీలో తరువాతి దెబ్బ కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. రఖ్మానినోవ్ మాత్రం ఆలస్యం చేయకుండా ముందుకు నడిపిస్తారు. ఇక్కడ ఎడమచేతి వేళ్లు చాలా దూరం చాచాల్సిన స్వరగుచ్ఛాలున్నాయి. చేయి చిన్నదైనవారు వాటిని ఒక్కసారిగా మోగించలేక కింది నుంచి పైకి విడదీసి వాయిస్తారు. దాన్ని తప్పుగా లెక్కించకండి. ధ్వని ఒకే వాలుతో పెరుగుతోందా, మధ్యలో కుదుపులతో పెరుగుతోందా అన్నదే ఇక్కడ చూడాల్సినది.

రెండో చోటు దాన్ని అంటుకునే ఉంది. ఆ గంటల మోత ముగిశాక వయొలిన్లు, వాటితో కలిసి క్లారినెట్ ముఖ్యరాగాన్ని అందుకుంటాయి. పియానో తోడు వాద్యంగా మారి, కింది నుంచి పైకీ పై నుంచి కిందికీ స్వరాలు పారిస్తూ ఉంటుంది. సోలో వాద్యం ఉన్న రచనలో మొట్టమొదటి రాగాన్ని ఆర్కెస్ట్రాకు ఇచ్చి పియానోను వెనక నిలబెట్టడం విచిత్రమే. అందువల్లే రికార్డింగులు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. పియానో ముందు మైకు మరీ దగ్గరగా పెడితే ఆ ప్రవాహం రాగాన్ని మింగేస్తుంది, మరీ దూరంగా పెడితే పియానిస్టు ఏం చేస్తున్నారో తెలియదు. కళ్లు మూసుకుని వింటే వయొలిన్ల రాగాన్ని పెదవులతో అనుసరించగలుగుతున్నారా? అనుసరించగలిగితే పాళ్లు కుదిరినట్టు. ఇదే మూవ్‌మెంట్‌లో (రచనలోని మూడు భాగాల్లో ఒక్కొక్కదాన్ని మూవ్‌మెంట్ అంటారు) ముఖ్యరాగం కవాతు నడకతో తిరిగివచ్చే ఘట్టాన్ని కూడా ఇదే పరీక్షకు పెట్టవచ్చు. అక్కడ పియానో పెద్ద పెద్ద స్వరగుచ్ఛాలతో ఆర్కెస్ట్రాకు ఎదురు నిలుస్తుంది. ఆ తరువాత కాసేపటికి హార్న్ ఒంటరిగా రెండో రాగాన్ని నెమ్మదిగా పాడుతుంది. ఆ హార్న్ దగ్గర కండక్టర్ (ఆర్కెస్ట్రాను నడిపేవారు) ఎంత ఊపిరి తీసుకోనిస్తారో గమనించండి.

మూడో చోటు రెండో మూవ్‌మెంట్ ఆరంభం. మ్యూట్ (ధ్వనిని తగ్గించే చిన్న సాధనం) పెట్టిన తంత్రీ వాద్యాలు నాలుగు గతుల్లో సి మైనర్ స్కేలు నుంచి ఈ మేజర్ స్కేలుకు మనల్ని తీసుకువెళ్లాక, పియానో చిన్న అలల్లా స్వరాలు వేయడం మొదలుపెడుతుంది. తాళం తెలిసినవారికి ఇక్కడ ఒక సరదా ఉంది. కాగితం మీద ఇది త్రిశ్ర నడక, గతికి పన్నెండు స్వరాలు. కానీ స్వరాల అల్లిక నాలుగేసి చొప్పున సాగుతుంది కాబట్టి చెవికి అవి మూడు గుంపులుగా వినిపిస్తాయి. కాసేపటికి ఫ్లూట్, ఆ వెంట క్లారినెట్ తమ రాగంతో ప్రవేశించాకగానీ అసలు దెబ్బ ఎక్కడ పడుతోందో తేలదు. ఆ నాలుగేసి గుంపులను ఒత్తి ఒత్తి వాయించేవారి చేతిలో ఫ్లూట్ ప్రవేశం పొరపాటులా వినిపిస్తుంది. మరీ చదునుగా వాయించేవారి చేతిలో ఆ సందేహమే పుట్టదు. ఈ ఒక్క నిమిషం బాగుంటే మిగిలిన మూవ్‌మెంట్ సాధారణంగా బాగానే ఉంటుందని నా అభిప్రాయం.

నాలుగో చోటు చివరి మూవ్‌మెంట్‌లో, రెండో రాగం సి మేజర్‌లో మొత్తం ఆర్కెస్ట్రాతో తిరిగివచ్చే ముగింపు ఘట్టం. ఇక్కడ వేగాన్ని పట్టి ఆపేసేవారున్నారు, ప్రవాహం తెగకుండా నడిపేవారున్నారు. నాకు రెండోవారే ఇష్టం.

పేరును పూర్తిగా రాసుకోండి

పియానిస్టు, కండక్టర్, ఆర్కెస్ట్రా, రికార్డు చేసిన సంవత్సరం, విడుదల చేసిన సంస్థ, ఈ ఐదూ లేనిదే సూచన పూర్తి కాదు. ఇది చాదస్తం కాదు. అష్కెనాజీ అని మాత్రమే చెబితే ఏది వినాలి? ఆయన 1963లో కొండ్రాషిన్, మాస్కో ఫిల్హార్మోనిక్‌తో, 1970ల ఆరంభంలో ఆంద్రే ప్రెవిన్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో, 1980లలో హైటింక్, ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాతో దీన్ని రికార్డు చేశారు. రిక్టర్ విషయంలో సంవత్సరం కూడా మిమ్మల్ని కాపాడదు. కుర్ట్ జాండర్లింగ్, లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్‌తో చేసినదీ, విస్లోత్స్కీ, వార్సా ఫిల్హార్మోనిక్‌తో డాయిచ్ గ్రామోఫోన్ సంస్థకు చేసినదీ రెండూ 1959 నాటివే. ఫ్రిట్జ్ రైనర్, చికాగో సింఫనీ అంటే 1956లో రూబిన్‌స్టైన్ వాయించినది కావచ్చు, 1962లో వాన్ క్లైబర్న్ వాయించినది కావచ్చు. ఇక రఖ్మానినోవ్ తానే స్టొకోవ్‌స్కీ, ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో 1929లో చేసిన ఎలక్ట్రికల్ రికార్డింగ్‌కు ముందు, 1924లో అదే కండక్టర్‌తో, అదే ఆర్కెస్ట్రాతో మైక్రోఫోన్ లేని పాత అకౌస్టిక్ పద్ధతిలోనూ రికార్డు చేశారు. ఇక్కడ సంవత్సరం ఒక్కటే గుర్తు.

వెతికేటప్పుడు స్వరకర్త పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రెండు విధాలుగా, చివర రెండు ఎఫ్‌లతో ఒకచోట, వి అక్షరంతో మరోచోట, కనిపిస్తుందని చెప్పడం మరవకండి. ఓపస్ 18 (స్వరకర్త రచనల్లో దీని సంఖ్య) అని జోడించి వెతికితే వడపోత సులువవుతుంది. మూడు మూవ్‌మెంట్లూ మూడు వేర్వేరు ట్రాకులుగా ఉంటాయి కాబట్టి షఫుల్ ఆపేయమనండి. అనవసరమైన హెచ్చరిక అనుకోకండి; మూడో మూవ్‌మెంట్ ముందు విని, మొదటిది చివర విన్నవారున్నారు.

రెండింటికి మించి సూచించకండి

పది పేర్లున్న జాబితా ఇస్తే ఎవరూ ఒక్కటీ వినరు. ఒకటి మొదట వినడానికి, రెండోది దానికి పూర్తిగా భిన్నమైనది చాలు. కొత్తగా వినేవారికి నేను సాధారణంగా చెప్పేది అష్కెనాజీ, ప్రెవిన్ జంట డెకా సంస్థకు చేసిన రికార్డింగ్. వేగాలు విపరీతంగా ఉండవు, వయొలిన్లకు నిండుదనం ఉంది, పియానో రాగాన్ని మింగదు. దానికి జతగా రఖ్మానినోవ్ 1929 రికార్డింగ్ చెబుతాను. ఇందులో ధ్వని సన్నగా ఉంటుంది, వెనక సూది రాపిడి వినిపిస్తుంది, ఆర్కెస్ట్రా బిగువుగా ఒక చిన్న గదిలో ఉన్నట్టు ఉంటుంది. అయినా ఈ రచనను కన్నీళ్ల సంగీతంగా సాగదీసే అలవాటుకు ఇంతకు మించిన విరుగుడు లేదు. తొలి సింఫనీ 1897లో పీటర్స్‌బర్గ్‌లో ఘోరంగా విఫలమై, రాయలేని స్థితిలో పడి, డాక్టర్ నికొలాయ్ దాల్ దగ్గర చికిత్స పొందిన తరువాత రాసి ఆయనకే అంకితమిచ్చిన రచన ఇది. ఆ కథ తెలిసినవారు స్వరకర్త దీన్ని శోకంతో వాయించి ఉంటాడని ఊహిస్తారు. 1901 నవంబరు 9న మాస్కోలో సిలోటి కండక్టర్‌గా పూర్తి రచనను తొలిసారి వినిపించిన ఆ మనిషి, రికార్డులో మాత్రం నిటారుగా, పొదుపుగా వాయిస్తారు. దీన్ని మొదటి సూచనగా మాత్రం ఇవ్వకండి. పాత ధ్వనికి అలవాటు పడని చెవి సంగీతం దాకా చేరకముందే వెనుదిరుగుతుంది.

పాత గరగర అసలే వద్దనేవారికి స్టీఫెన్ హఫ్, ఆండ్రూ లిటన్, డాలస్ సింఫనీ కలిసి హైపీరియన్ సంస్థకు చేసినది ఉంది. ప్రేక్షకుల ముందు రికార్డు చేసినది, వేగాల్లో స్వరకర్తకు దగ్గరగా నడిచేది. కొంచెం పాతదైనా ఫరవాలేదంటే ఎర్ల్ వైల్డ్, హోరెన్‌స్టైన్, రాయల్ ఫిల్హార్మోనిక్ 1965లో చేసినది కూడా అదే దారిది, స్టీరియో ధ్వని ఇప్పటికీ బాగుంటుంది. పియానో నేర్చుకుంటున్నవారికి క్రిస్టియన్ జిమర్‌మన్, ఒజావా, బోస్టన్ సింఫనీ రికార్డింగ్ చెప్పవచ్చు; లోపలి స్వరాలు కూడా ఒక్కొక్కటిగా తేటగా వినిపిస్తాయి, అయితే అంత మెరుగు పెట్టిన పని కొందరికి చల్లగా అనిపించవచ్చు. స్వరకర్త వాయించిన ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాయే ఈనాడు ఎలా ఉందో వినాలనుకునేవారు దానీల్ త్రిఫొనోవ్, యానిక్ నెజె-సెగాన్‌తో చేసి 2018లో విడుదలైన రికార్డింగును 1929 దాని పక్కన పెట్టుకుని వినవచ్చు.

సూచనను రాసి ఇవ్వండి

నోటిమాటగా కాకుండా ఐదు వాక్యాల సందేశం పంపండి. అది ఇలా ఉండవచ్చు: "రఖ్మానినోవ్ రెండో పియానో కాన్సర్టో, ఓపస్ 18. పియానో అష్కెనాజీ, కండక్టర్ ప్రెవిన్, లండన్ సింఫనీ, డెకా, 1970ల మొదట్లోది. హైటింక్‌తో చేసినది కాదు. ఆరంభం బాగా మెల్లగా ఉంటుంది, వినపడలేదని వాల్యూమ్ పెంచకండి, అర నిమిషంలో పెద్దదవుతుంది. మొదటిసారి టైం లేకపోతే రెండో మూవ్‌మెంట్ ఒక్కటే వినండి, ఫ్లూట్ వచ్చేదాకా తాళం వేయడానికి ప్రయత్నించి చూడండి." వాల్యూమ్ మాట బస్సులో, మెట్రోలో ఇయర్‌ఫోన్లతో వినేవారికి మరీ అవసరం. ఆరంభపు మెల్లని ధ్వని వాహనాల రొదలో మునిగిపోతుంది, వాల్యూమ్ పెంచగానే ఆర్కెస్ట్రా చెవుల మీద పడుతుంది. అలాంటివారిని ఇంటికి వెళ్లాక వినమనడమే మేలు.

లోపాలు కూడా ఆ సందేశంలోనే చెప్పండి. రిక్టర్, విస్లోత్స్కీ రికార్డింగ్ చెబుతున్నట్టయితే పియానో చాలా ముందుకు, ఆర్కెస్ట్రా కాస్త వెనక్కి ఉంటుందని, ఆరంభం అసాధారణమైన నిదానంతో సాగుతుందని రాయండి. ముందే తెలిసిన లోపాన్ని శ్రోత సహిస్తాడు, తెలియనిదైతే మీ అభిరుచినే అనుమానిస్తాడు.

వారు విన్నాక వచ్చే మాటను బట్టి రెండో సూచన ఇవ్వండి

"బాగుంది" అని మాత్రం అంటే, ఏ చోట బాగుందో అడగండి. రెండో మూవ్‌మెంట్ నచ్చినవారికి రిక్టర్ వార్సా రికార్డింగ్ నచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే నిదానంలో పట్టు సడలకుండా నిలిపే శక్తి అందులో అరుదైన స్థాయిలో ఉంది. చివరి మూవ్‌మెంట్ ఊపు నచ్చినవారిని ఎర్ల్ వైల్డ్ దగ్గరికి పంపండి. అంతా తియ్యగా, సాగదీసినట్టు ఉందన్నవారికి అప్పుడే 1929 రికార్డింగ్ ఇవ్వండి; నాక్సోస్ వంటి సంస్థలు పాత డిస్కుల నుంచి జాగ్రత్తగా శుభ్రం చేసి విడుదల చేసిన ప్రతిని ఎంచుకోమనండి. ఎవరో అప్‌లోడ్ చేసిన ప్రతుల్లో గరగరను తీసేయబోయి పియానో ధ్వనినీ చెరిపేసినవి కనిపిస్తుంటాయి. పూర్తిగా విన్నా ఏమీ అనిపించలేదన్నవారికి మూడో రికార్డింగ్ పంపకండి. వారికి వేరే రచన కావాలి. షూమన్ ఏ మైనర్ కాన్సర్టో ఆరంభపు ఐదు నిమిషాలు వినమని అడిగి చూడండి.