విదేశాల నుంచి విశాఖ వచ్చి స్థిరపడేవారికి: ఇంట్లో టీవీకి ఒకే రిమోట్

గ్యాస్ కనెక్షన్, పిల్లల స్కూలు, బ్యాంకు పనుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. హాల్లో టీవీ సంగతి ఎవరూ చెప్పరు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే మాత్రం మొదటి వారంలోనే తీరిగ్గా కూర్చుని చూసుకోవాల్సిన పని అది. మేం న్యూజెర్సీ నుంచి వచ్చి ఎంవీపీ కాలనీలో దిగాక అమ్మ రెండు రోజులు టీవీ పెట్టుకోలేదు. టీవీకి ఒకటి, సెట్‌టాప్ బాక్స్‌కి ఒకటి, సౌండ్‌బార్‌కి ఒకటి, మొత్తం మూడు రిమోట్లు. "ఏది నొక్కితే ఏమవుతుందోనని ముట్టుకోలేదు నాన్నా" అంది. అది విన్నాక ఆ సాయంత్రమే కూర్చున్నాను.

అక్కడ కొన్న యూనివర్సల్ రిమోట్, అంటే ఒక్కటే చాలా పరికరాలను నడిపే రిమోట్, ఇక్కడా పనిచేస్తుంది. అది పంపేది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. ఎక్కువ రిమోట్లలో ఆ వెలుగు సెకనుకు సుమారు 38 వేల సార్లు మినుకుమంటూ సంకేతం మోసుకెళ్తుంది. దానికి దేశంతో పనిలేదు. సామ్‌సంగ్, ఎల్‌జీ, సోనీ టీవీల కోడ్లు, అంటే ఏ కంపెనీ పరికరమో రిమోట్‌కి చెప్పే అంకెలు, అందులో దొరుకుతాయి. చిక్కల్లా ఇక్కడి సెట్‌టాప్ బాక్స్‌తోనే. దాని కోడ్ అక్కడి రిమోట్లలో తరచూ ఉండదు. టీవీ కూడా తెచ్చుకుని ఉంటే ముందు వెనకాల స్టిక్కర్ చూడండి. 100-240 వోల్టులని ఉంటే పర్వాలేదు. 120 మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకండి.

కోడ్ లేనప్పుడు లెర్నింగ్ ఉన్న రిమోట్, అంటే పాత రిమోట్ సంకేతాన్ని చూసి నేర్చుకునేది, కావాలి. కొత్తది కొంటే షాపులో ఆ ఒక్క మాటే అడగండి. పాత రిమోట్‌ని, కొత్తదాన్ని బల్లమీద ఎదురెదురుగా, నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. కొత్తదాంట్లో సెట్ బటన్ లైటు నిలకడగా వెలిగేదాకా నొక్కి, నేర్పాల్సిన బటన్ నొక్కి, తర్వాత పాతదాంట్లో అదే పని చేసే బటన్ నొక్కాలి. లైటు మినుకుమంటే నేర్చుకున్నట్టే. ఈ వరుస ఒక్కో రిమోట్‌కి కొంచెం మారుతుంది, దాని కాగితం చూసుకోండి. అసలు కొనేముందు మీ సెట్‌టాప్ బాక్స్ రిమోట్ చూడండి. చాలావాటిలో టీవీ ఆన్, సౌండ్ బటన్లకు ఇలా నేర్పుకునే వీలుంటుంది. టీవీ, బాక్స్ మాత్రమే ఉన్న ఇంటికి అది సరిపోతుంది. డబ్బు ఖర్చు పెట్టకండి.

టీవీకి తగిలించి నెట్ ద్వారా సినిమాలు చూసే ఫైర్ టీవీ స్టిక్ మాత్రం దీనికి లొంగదు. దాని రిమోట్ స్టిక్‌తో బ్లూటూత్‌లో మాట్లాడుతుంది. టీవీకి హెచ్‌డీఎంఐ ప్లగ్గులో తగిలించినవాటిని టీవీ రిమోట్ మాట వినేలా చేసే సదుపాయం హెచ్‌డీఎంఐ సీఈసీ. టీవీ సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే స్టిక్ నడుస్తుంది. సామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది.

ఒక్క బటన్‌తో అన్నీ ఆన్ అయ్యేలా పెట్టుకోవాలని అందరికీ ఉంటుంది. నా సలహా అయితే పెద్దవాళ్లకు అది వద్దు. చాలా రిమోట్లలో ఆన్ చేయడానికీ, ఆఫ్ చేయడానికీ సంకేతం ఒక్కటే. కరెంటు పోయి వచ్చాక బాక్స్ తనంతట తానే ఆన్ అయి, టీవీ ఆఫ్‌లో ఉండిపోయిందనుకోండి. ఆ బటన్ నొక్కగానే టీవీ వెలుగుతుంది, బాక్స్ ఆరిపోతుంది. తెరమీద సిగ్నల్ లేదని వస్తుంది. ఒంటరిగా ఉన్న అమ్మకి అంతకన్నా టెన్షన్ ఇంకోటి ఉండదు. టీవీకి ఒక బటన్, బాక్స్‌కి ఒక బటన్ విడివిడిగా పెట్టి, రంగు స్టిక్కర్లు అంటించాను. వారంలో అలవాటైపోయింది.

లాసన్స్ బే, పెదవాల్తేరు లాంటి సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి బ్యాటరీ స్ప్రింగులు తుప్పు పడతాయి. నెలకోసారి మూత తీసి పొడిగుడ్డతో తుడవండి. బ్యాటరీ కారి తెల్లటి పొడి పేరుకుంటే దూదికి రెండు చుక్కల నిమ్మరసం అద్ది తుడిచి, బాగా ఆరనివ్వండి. రిమోట్ పనిచేయట్లేదని పారేసే ముందు దాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కండి. తెరమీద ఊదా లేదా తెల్లటి వెలుగు మెరిస్తే రిమోట్ బాగానే ఉన్నట్టు, తప్పు కోడ్‌లోనో బాక్స్‌లోనో ఉంది.

టీవీ కోడ్‌ని చిన్న కాగితంమీద రాసి బ్యాటరీ మూత లోపల అంటించండి. కొన్ని రిమోట్లు బ్యాటరీ మార్చగానే అంతా మరిచిపోతాయి. మళ్లీ నేర్పాలంటే పాత రిమోట్లే కావాలి కాబట్టి, వాటిని బ్యాటరీలు తీసేసి బీరువాలో దాచండి.