స్ట్రోక్ తరువాత ఎడమవైపు ధ్యాస తప్పినవారికి వీఆర్ హెడ్‌సెట్‌తో సాధన చేయించడం ఎలా?

కంచంలో కుడి సగం మాత్రమే తిని, ఎడమ సగంలో అన్నమూ కూరా అలాగే ఉండగా మారు వడ్డించమని అడిగే రోగిని చూసి, స్ట్రోక్ వల్ల చూపు తగ్గిందని ఇంట్లోవారు మొదట అనుకుంటారు. చాలామందిలో కళ్ళు బాగానే ఉంటాయి. మెదడు కుడి అర్ధభాగంలో, చెవికి పైన కాస్త వెనకగా ఉండే ప్రాంతానికి రక్తం అందక దెబ్బ తగిలినప్పుడు, ఎడమవైపు ఒక లోకం ఉందన్న ధ్యాసే రోగికి కలగదు. దీనినే వైద్యులు స్పేషియల్ నెగ్లెక్ట్ అంటారు. ఎడమ చెంప గడ్డం గీసుకోకుండా వదిలేయడం, ఎడమ భుజం మీద పైట జారినా సర్దుకోకపోవడం, ఎడమ చెప్పు వేసుకోకుండానే లేచి నడవబోవడం, దుకాణం బోర్డు మీద ‘విశాఖపట్నం’ అని ఉంటే ‘పట్నం’ అని చదవడం దీని లక్షణాలు. తనకు ఈ లోపం ఉందని చాలా సందర్భాల్లో రోగికే తెలియదు. అందుకే ‘ఎడమవైపు చూడండి’ అని పదేపదే హెచ్చరించినంత మాత్రాన ఫలితం ఉండదు. ఎటు తిరగాలో తలకూ మెడకూ అలవాటయ్యేలా సాధన చేయించాలి. అటువంటి సాధనకు వర్చువల్ రియాలిటీ (వీఆర్), అంటే కళ్ళకు తగిలించుకునే హెడ్‌సెట్‌లో చుట్టూ ఒక త్రీడీ లోకం ఉన్నట్టు చూపే పరికరం, ఒక సాధనంగా పనికివస్తుంది.

దాని మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో ముందే తెలుసుకోవడం మంచిది. స్వీడన్‌లో రూపొందించిన రెహ్‌ఆట్ అనే పద్ధతిలో, స్ట్రోక్ వచ్చి చాలాకాలమైన రోగులకు వారానికి మూడుసార్లు గంట చొప్పున 5 వారాలు త్రీడీ ఆటలతో సాధన చేయించగా, ఎడమవైపు వెతకడంలో మెరుగుదల కనిపించింది. అయితే ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు 15 మందే. నెగ్లెక్ట్‌కు మందులు లేకుండా చేసే చికిత్సలన్నింటినీ పరిశీలించిన 2021 నాటి కాక్రేన్ సమీక్ష (అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి బేరీజు వేసే నివేదిక), వీటిలో ఏదీ రోజువారీ జీవితాన్ని మెరుగుపరుస్తుందని గట్టిగా చెప్పడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. పైగా స్ట్రోక్ తరువాతి తొలి 3 నెలలలో చాలామందికి ఎంతో కొంత మెరుగుదల సహజంగానే వస్తుంది కనుక, ఆ రోజుల్లో కనిపించే లాభమంతా హెడ్‌సెట్ ఖాతాలో వేయకూడదు. నా దృష్టిలో ఈ పరికరానికి ఉన్న అసలు విలువ రెండు విషయాల్లో ఉంది. రోగి తల ఎటు తిరుగుతోందో, ఎంతవరకు వచ్చి ఆగిపోతోందో పక్కనున్నవారికి స్పష్టంగా తెలుస్తుంది. నిజమైన రోడ్డు మీద చేయలేని ప్రమాదకరమైన సాధనను కుర్చీలో కూర్చోబెట్టి చేయించవచ్చు.

మొదలుపెట్టే ముందు న్యూరాలజిస్టుకు చూపించి, లోపం నెగ్లెక్టేనని నిర్ధారించుకోవాలి. విశాఖపట్నంలో ఉన్నవారైతే కింగ్ జార్జ్ ఆసుపత్రిలోని న్యూరాలజీ విభాగంలో గాని, మీరు చూపించుకునే మరో ఆసుపత్రిలో గాని కంటి పరీక్షతో సహా ఇది చేయించవచ్చు. రెండు కళ్ళలోనూ ఎడమ సగం చూపు పోయే హెమియానోపియా పైకి ఇలాగే కనిపిస్తుంది. కానీ అది ఉన్నవారికి తమ లోపం తెలుస్తుంది, తల తిప్పి దాన్ని పూరించుకుంటారు. రెండూ కలిసి ఉండే అవకాశమూ ఉంది. స్ట్రోక్ తరువాత మూర్ఛలు వచ్చినవారు, కళ్ళు తిరిగే జబ్బు ఉన్నవారు, పుర్రె ఎముక తొలగించే ఆపరేషన్ జరిగినవారు, పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే హెడ్‌సెట్ తగిలించుకోకూడదు. కంటి కలక ఉన్నప్పుడు అసలే వద్దు.

తరువాత, ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో రాసి పెట్టుకోవాలి. ఒక తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీసి, మధ్యలో గుర్తు పెట్టమంటే, ఈ లోపం ఉన్నవారు సాధారణంగా మధ్యకంటే బాగా కుడివైపు పెడతారు. అంతకంటే ఉపయోగపడేది క్యాథరీన్ బెర్జెగో స్కేలు. ముఖం శుభ్రం చేసుకోవడం, చొక్కా ఎడమ చేయి తొడుక్కోవడం, కంచంలో ఎడమవైపు తినడం, ఎడమవైపు నుంచి పలకరిస్తే స్పందించడం, నడుస్తూ ఎడమవైపు తలుపులకు తగలడం వంటి 10 అంశాలను గమనించి, ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 30కి ఎంత ఎక్కువ వస్తే లోపం అంత తీవ్రమన్నమాట. రోజువారీ పనులు తిరిగి నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు సాయంతో దీన్ని ఇంట్లోనే నింపవచ్చు.

విశాఖవాసులకు ఇంకొక ప్రశ్న కూడా వేసి చూడవచ్చు. 1978లో ఇటలీకి చెందిన బిసియాక్, లుజాటీ అనే పరిశోధకులు మిలాన్‌లోని కేథడ్రల్ కూడలిని ఊహించుకొని వర్ణించమని రోగులను అడిగినప్పుడు, ఊహలో నిలబడిన చోటు మార్చేసరికి వారు వదిలేసే భవనాలూ మారిపోయాయి. ఇక్కడ బీచ్ రోడ్డుతో అదే పని చేయవచ్చు. రుషికొండ వైపు నుంచి డాల్ఫిన్స్ నోస్ వైపు నడుస్తున్నట్టు ఊహించుకోమంటే సముద్రమూ కురుసుర సబ్‌మెరైనూ ఎడమవైపు వస్తాయి, టీయూ-142 విమాన మ్యూజియం కుడివైపు వస్తుంది. అదే దారిలో తిరిగి రుషికొండ వైపు నడుస్తున్నట్టు ఊహించుకోమంటే అంతా తారుమారవుతుంది. ఒకసారి సముద్రాన్ని, మరోసారి విమానాన్ని వదిలేస్తే, లోపం చూపుకే పరిమితం కాలేదని, ఊహనూ పట్టుకుందని అర్థం.

ఇక కూర్చోబెట్టే పద్ధతి. చిన్న విషయంగా కనిపించినా సాధన చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. చేతులున్న, కదలని కుర్చీ కావాలి. చక్రాల కుర్చీ అయితే బ్రేకు వేయాలి. ఎడమ చేయి వేలాడకుండా ఒళ్ళో దిండు మీద ఉంచాలి. థెరపిస్టు గాని ఇంటి మనిషి గాని ఎడమవైపు, పట్టుకోగలిగేంత దగ్గరగా నిలబడాలి. హెడ్‌సెట్‌లోని దృశ్యాన్ని ఫోన్‌లోకి గాని టీవీలోకి గాని కాస్టింగ్ చేసుకుంటే, రోగి చూస్తున్నదే మనమూ చూడవచ్చు. కంటి అద్దాలు వాడేవారు వాటితోనే చూడాలి. విశాఖ ఉక్కపోతలో చెమటకు లెన్సులు ఊరికే మసకబారతాయి కనుక ఫ్యాను కింద కూర్చోబెట్టి, లెన్సులను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది రీసెంటర్ చేయడం, అంటే ఏది ముందువైపో బటన్ నొక్కి హెడ్‌సెట్‌కు మళ్ళీ చెప్పడం. ఏది ముందువైపో హెడ్‌సెట్ ఆ క్షణంలో తల ఉన్న దిశను బట్టి నిర్ణయించుకుంటుంది. నెగ్లెక్ట్ ఉన్నవారి తల, చూపు సహజంగానే కుడివైపు ఒరిగి ఉంటాయి. ఆ స్థితిలోనే బటన్ నొక్కితే ఆటలోని లోకమంతా కుడివైపు జరిగిపోతుంది. అప్పుడు తెర మీద ‘ఎడమ’ అనిపించేది నిజానికి రోగికి ఎదురుగానే ఉంటుంది, మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, సాధన మాత్రం జరగదు. కాబట్టి కుర్చీకి ఎదురుగా నేల మీద ఒక టేపు అంటించి, ఛాతీ, ముక్కు ఆ టేపుకు సూటిగా ఉన్నప్పుడు మాత్రమే, కంట్రోలర్ మన చేతిలో ఉంచుకొని రీసెంటర్ చేయాలి. మధ్యలో రోగి కదిలి కూర్చుంటే మళ్ళీ చేయాలి.

మొదటి రోజు 10 నిమిషాలు చాలు. తల తిరుగుడు, వికారం, చెమటలు, తలనొప్పి వస్తే వెంటనే తీసేయాలి. ఇబ్బంది లేకపోతే మెల్లగా అరగంట వరకు పెంచుతూ, వారానికి మూడు నుంచి ఐదు రోజులు చేయించవచ్చు. పరిసరాలన్నీ కదిలే ఆటలకంటే, తాము కూర్చున్న చోటే ఉండి వస్తువులను వెతికే ఆటలు వికారం తక్కువ కలిగిస్తాయి. వెతికే వస్తువులు మొదట మధ్యలో ఉండాలి, తరువాత కొద్దికొద్దిగా ఎడమకు జరగాలి. కుడివైపు మెరిసేవి, కదిలేవి ఎన్ని ఉంటే అంత కష్టం, ఎందుకంటే అటు అతుక్కున్న ధ్యాసను విడిపించుకోవడమే వీరికి కష్టమైన పని. అందుచేత తొలి వారాల్లో కుడివైపును దాదాపు ఖాళీగా ఉంచే ఆటను ఎంచుకోవాలి. ఎడమ అంచున నిలువుగా ఒక పచ్చటి గీత పెట్టే వీలుంటే ఇంకా మంచిది. ‘నాన్నగారూ, పచ్చ గీత దొరికేవరకూ తల తిప్పండి, అక్కడి నుంచి కుడికి వెతుక్కుంటూ రండి’ అని ప్రతిసారీ అవే మాటల్లో చెప్పి, కొన్నాళ్ళకు ఆ మాట రోగి చేతే అనిపించి, ఆ తరువాత మౌనంగా ఉండాలి. ఎడమ చేతిలో కాస్తయినా కదలిక ఉంటే, ఆ చేతినే ఎడమవైపు కదిలించేలా చేయడం ధ్యాసకు తోడ్పడవచ్చు. ఆ చేయి బొత్తిగా రాకపోతే బలవంతం వద్దు.

రోడ్డు దాటే సాధనలో ఒక మెలిక ఉంది. అమెరికా, కొరియా వంటి దేశాల కోసం తయారైన ప్రోగ్రాములలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కనుక, అడుగు దించగానే ముందుగా ఎడమవైపు నుంచి వస్తాయి. మన దేశంలో దీనికి పూర్తిగా విరుద్ధం. మద్దిలపాలెం దగ్గర జాతీయ రహదారి దాటేవారికి తొలి సగంలో వాహనాలు కుడివైపు నుంచి వస్తాయి. రోగి అటు బాగానే చూసుకొని, ధైర్యంగా డివైడరు చేరుకుంటాడు. ప్రమాదం ఆ తరువాతి సగంలోనే పొంచి ఉంటుంది, ఎందుకంటే అక్కడ వచ్చేవన్నీ ఎడమవైపు నుంచే వస్తాయి. రాంగ్ రూటులో దూసుకొచ్చే ఆటోల వల్ల తొలి సగానికి కూడా పూర్తి భరోసా లేదు. కాబట్టి వాహనాలు ఎడమవైపు నడిచే ప్రోగ్రామునే వాడాలి, డివైడరు దగ్గర ఆగి పచ్చ గీత మాట మళ్ళీ అనుకోవడాన్ని విడిగా అలవాటు చేయించాలి.

తగిన ప్రోగ్రాము దొరకకపోతే 360 డిగ్రీల కెమెరాతో మన వీధినే చిత్రించుకోవచ్చు. స్టాండు మీద కెమెరాను కూర్చున్న మనిషి కంటి ఎత్తులో పెట్టి, కదపకుండా కొన్ని నిమిషాలు తీయాలి. ఎంవీపీ కాలనీ రైతుబజారులో వరుసల మధ్య తీసిన వీడియో చూపించి, ఎడమవైపు ఏయే కూరగాయలు ఉన్నాయో, టమాటాల బుట్ట ఎవరి ముందు ఉందో అడగవచ్చు. విదేశీ సూపర్ మార్కెట్ బొమ్మలలో పాలసీసాలు వెతకడం కంటే మన పెద్దవాళ్ళు దీన్నే ఇష్టంగా చేస్తారు.

హెడ్‌సెట్ తీసిన వెంటనే, అదే రోజు, అదే పద్ధతిలో ఒక నిజమైన పని చేయించకపోతే నేర్చుకున్నది ఆటలోనే మిగిలిపోతుంది. సాధనను భోజనానికి ముందు పెట్టుకొని, కంచం ఎడమ అంచున ఒక పచ్చ రబ్బరు బ్యాండు తగిలిస్తే ఆ గీత కంచంలోకి వస్తుంది. దినపత్రికలో ఎడమ అంచున పచ్చ పెన్నుతో గీత గీసి చదివించవచ్చు. రెండు వారాలకొకసారి బెర్జెగో స్కేలును మళ్ళీ నింపాలి. ఆటలో మార్కులు పెరుగుతూ స్కేలు కదలకుండా ఉంటే, హెడ్‌సెట్ సమయం తగ్గించి కంచం, బట్టలు, నడకల మీదకు మళ్ళించాలి. దృశ్యాన్ని పక్కకు జరిపి చూపే ప్రిజం అద్దాలతో సాధన వంటి వేరే పద్ధతుల గురించి థెరపిస్టును అడగాలి.

రోడ్డు సాధనలో తప్పులు తగ్గాయని ఎవరినీ ఒంటరిగా రోడ్డు మీదకు పంపకూడదు. మొదట ఎడమవైపు ఒక మనిషి తోడుగా, రద్దీ లేని వీధిలో, పగటిపూట మాత్రమే దాటించాలి. స్కూటరు, కారు తాళాలు మాత్రం, నెగ్లెక్ట్ పోయిందని వైద్యులు పరీక్షించి రాసి ఇచ్చేవరకు ఇంట్లోవారి దగ్గరే ఉండాలి.