పాకే పామును, ఆగిన పామును చదవడం ఎలా?

పాము కనిపిస్తే ఎక్కువమంది చేసేది ఒకటే. అది పాకుతున్నంతసేపూ అరుస్తూ వెనక్కి దూకుతారు. అది ఆగిందో లేదో, "ఏమీ అనట్లేదులే" అంటూ ఫోన్ పట్టుకుని దగ్గరికి వెళ్తారు. రెండూ తలకిందులు పనులే. పాకుతున్న పాము తన దారిన తాను పోతోంది. ఆగిన పాము మాత్రం మిమ్మల్ని గమనించింది, ఏం చేయాలో తేల్చుకుంటోంది. జాగ్రత్త పడాల్సింది అప్పుడు.

పాము ఒంటిని చూసి, అది తర్వాత ఏం చేయబోతుందో దూరం నుంచే ఎలా అంచనా వేయాలో ఇక్కడ చెబుతాను. పట్టుకోవడం ఎలాగో చెప్పను. చేతికి చిక్కిన పాము భయం తప్ప ఇంకేమీ చూపించదు.

కావాల్సినవి

చీలమండ దాటే బూట్లు, మందపాటి పొడవు ప్యాంటు, చీకటి పడేలా ఉంటే టార్చి. 8 రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్ తీసుకోండి. 10 రెట్లది వద్దు, చేతి వణుకును కూడా అంతే పెద్దగా చూపిస్తుంది. చిన్న నోట్‌బుక్, పెన్సిల్ సరే. కర్ర మాత్రం వద్దే వద్దు. చేతిలో కర్ర ఉన్న మనిషి దాన్ని వాడకుండా ఉండలేడు. ఫోన్ జేబులోనే ఉండాలి. స్క్రీన్‌లో చూస్తే దూరం తెలియదు, ఇంకో అడుగు ముందుకు వేయాలనిపిస్తుంది.

పొద్దున ఎండ ఎక్కకముందే వెళ్లండి. పాము ఒంటి వేడి బయటి వేడిని బట్టి ఉంటుంది కాబట్టి, చలిగాలి తర్వాత ఎండ కాచుకోవడానికి బయటికి వచ్చిన పాము కాసేపు అక్కడే ఉంటుంది. చూడటానికి అదే మంచి సమయం.

ఎక్కడ నిలబడాలి

తక్కువలో తక్కువ 5 మీటర్లు. పాములు మామూలుగా తమ పొడవులో మూడో వంతు నుంచి సగం దాకానే కాటుకు ముందుకు చాచగలవు, మరి ఇంత దూరం ఎందుకని కొందరు అడుగుతారు. పొదలో సగం దాగిన పాము పొడవెంతో మీకు తెలియదు కాబట్టి. పైగా ఆఫ్రికాలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండే విషం చిమ్మే నాగులు 2 మీటర్లు దాటి కూడా కళ్లలోకి విషం చిమ్మగలవు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీరు దూరంగా ఉంటేనే పాము పాములా ప్రవర్తిస్తుంది.

పాముకూ దానికి దగ్గరలో ఉన్న పొదకూ మధ్య, కన్నానికీ దానికీ మధ్య ఎప్పుడూ నిలబడొద్దు. "పాము నన్ను తరిమింది" అని చెప్పేవారిలో చాలామంది దాని దారికి అడ్డంగా నిలబడినవారే. అది వాళ్ల వెనకున్న కన్నం వైపు వస్తే, తమ మీదికి వస్తోందనుకుంటారు. పగబట్టి వెతుక్కుంటూ వచ్చేంత ఆలోచన పాముకు లేదు.

పాముకు బయటికి కనిపించే చెవులు లేవు. లోపలి చెవి దవడ ఎముకతో కలిసి ఉంటుంది, అందుకే నేల అదురు దానికి బాగా తెలుస్తుంది. గాలిలో వచ్చే మంద్రమైన, అంటే బొంగురు శబ్దాలు కూడా వినగలదు. కాబట్టి గుసగుసగా మాట్లాడుకోవడం వల్ల వచ్చే నష్టం కంటే దబదబా అడుగులు వేయడం వల్ల వచ్చేదే ఎక్కువ.

పాకే తీరు గుర్తుపట్టడం

ఇది తేలిక. ముందు నాలుగు తీర్లు నేర్చుకుంటే చాలు.

అందరికీ తెలిసింది వంకర్లు తిరుగుతూ పోవడం. ఒంటి వంపులు తల నుంచి తోక దాకా ఒకదాని వెనక ఒకటి సాగుతాయి. రాయి, గడ్డి దుబ్బు, నేల మీద గరుకు, దేన్నయినా వంపు పక్కకు నెట్టి ముందుకు జారుతుంది. బాగా గమనిస్తే తల వెళ్లిన గీత మీదే ఒళ్లంతా వెళ్తుంది. కడుపు పొలుసులు ముందుకు తేలిగ్గా జారి, వెనక్కీ పక్కకీ జారకుండా పట్టుకుంటాయి. నున్నటి గచ్చు మీద పాము ఉన్నచోటే గిలగిల్లాడేది ఆ పట్టు దొరక్కే. అది కోపం కాదు, నిస్సహాయత.

రెండోది తిన్నగా పాకడం. రక్తపింజర, కొండచిలువ లాంటి బరువైన పాములు తొందర లేనప్పుడు ఇలా వెళ్తాయి. వంపే ఉండదు. బైనాక్యులర్‌లో కడుపు అంచు చూడండి. కొన్ని పొలుసులు కాస్త లేచి ముందుకు జరుగుతాయి, నేలను పట్టుకుంటాయి, లోపలి ఒళ్లు వాటి మీదుగా ముందుకు వస్తుంది. ఆ అల మెడ దగ్గర మొదలై తోక వైపు నిదానంగా వెళ్తుంది, పైన వీపు మాత్రం ఒకే వేగంతో సాగిపోతుంది. పాము పక్కటెముకలతో నడుస్తుందని పాత పుస్తకాల్లో ఉండేది. అది తప్పు. ఇలా పాకేటప్పుడు పక్కటెముకలు కదలవు, వాటి నుంచి చర్మానికి వెళ్లే కండరాలే ఆ పని చేస్తాయని 2018లో కొలతలతో తేల్చారు.

మూడోది ఇరుకు కన్నాల్లో, చెట్ల మీద. వెనక భాగాన్ని మడతలు పెట్టి బిగించుకుంటుంది, ముందు భాగం చాస్తుంది, అక్కడ పట్టు దొరికాక వెనకది లాక్కుంటుంది. బాగా శ్రమ పడే పద్ధతి, అందుకే మధ్య మధ్యలో ఆగుతుంది. నాలుగోది ఇసుకలో పక్కవాటుగా పోవడం. ఎడారి పింజరలు, మన చిన్న పింజర ఇలా పోగలవు. ఒంటిలో కొంత భాగం మాత్రమే నేలను తాకుతుంది, మిగతాది గాలిలో ఉంటుంది. ఇసుకలో ఒకదానికొకటి అంటని ఏటవాలు గీతలు మిగులుతాయి.

ఇవే కాదు. గువామ్ దీవిలో గోధుమరంగు చెట్టుపాము లావాటి స్తంభం చుట్టూ ఒంటిని ఉచ్చులా బిగించి పైకి ఎక్కడాన్ని 2021లో వివరించారు. ఎగిరే పాములు పక్కటెముకలు చాచి ఒంటిని చదును చేసుకుని, గాలిలో కూడా వంకర్లు తిరుగుతూ జారుతాయి. ఇన్ని రకాలుగా కదలగలగడానికి కారణం వెన్ను. మనిషికి 33 వెన్నుపూసలైతే, పాములకు 200 నుంచి 400 దాకా ఉంటాయి.

వేగం గురించి టెన్షన్ వద్దు. అన్నిటిలోకీ వేగమైనదని చెప్పే బ్లాక్ మాంబా కూడా కొద్ది దూరమే అలా పోగలదు, అదీ గంటకు 20 కిలోమీటర్ల లోపే. చాలా పాములు మీరు చకచకా నడిచే వేగాన్ని కూడా అందుకోలేవు.

ఆగిన పామును చదవడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

పాము ఆగగానే తల చూడొద్దు, మెడ చూడండి. మెడ తిన్నగా, ఒళ్లు వదులుగా, నాలుక చకచకా ఆడుతూ ఉంటే అది వాసన పడుతోంది. నాలుక రెండు కొనలు గాలిలోని వాసన కణాలను నోటి పైభాగంలోని ప్రత్యేక అవయవానికి అందిస్తాయి. ఏ కొనకు ఎక్కువ తగిలిందో దాన్ని బట్టి ఎటు వెళ్లాలో తేల్చుకుంటుంది. నాలుక చాచడం బెదిరింపు కాదు. ఇలాంటి పాము కాసేపట్లో మళ్లీ కదులుతుంది. మీరు కదలకుండా ఉండండి చాలు.

మెడలో ఇంగ్లిష్ ఎస్ అక్షరం లాంటి వంపు పడిందంటే లెక్క మారిపోయింది. ఆ వంపు బిగించిన స్ప్రింగ్. అది తిన్నగా అయ్యే దూరమే కాటు దూరం. తల కాస్త వెనక్కి వెళ్తుంది, ఒళ్లు చుట్టల్లోకి చేరుతుంది, తోక వైపు భాగం నేలకు గట్టిగా ఆనుతుంది. చూసేవారికి "పాపం, ముడుచుకుంది" అనిపిస్తుంది. అది ముడుచుకోవడం కాదు, సిద్ధపడటం. ఈ స్థితి నుంచి వచ్చే కాటు సెకనులో పదో వంతు లోపే పూర్తవుతుంది. చూసి తప్పుకుందామంటే మనిషికి ఆ టైమ్ ఉండదు. తప్పుకోవాల్సిందేదో వంపు పడకముందే తప్పుకోవాలి.

ఒక్కో పాము ఈ స్థితిని ఒక్కోలా చూపిస్తుంది. నాగుపాము ఒంటి ముందు భాగం పైకి లేపి, మెడ పక్కటెముకలు చాచి పడగ విప్పుతుంది. పడగ విప్పిందంటే "నేనింత పెద్దదాన్ని, వెళ్లిపో" అని హెచ్చరిస్తోందని. అప్పుడు అటూ ఇటూ ఊగేది ముందు కదులుతున్నదాన్ని కళ్లతో వెంబడించడానికి. మీరు చేయి ఊపితే అదీ ఊగుతుంది. కింగ్ కోబ్రా అనే రాచనాగు లేపిన పడగతోనే ముందుకు కూడా పాకగలదు. రక్తపింజర పెద్దగా బుస కొడుతుంది, లావుగా, మందకొడిగా కనిపిస్తుంది. దాన్ని చూసి కొండచిలువ పిల్ల అనుకునేవారు ఎందరో. కానీ అది ఒళ్లు నేల నుంచి లేచేంత బలంగా దూకి కాటేయగలదు. చిన్న పింజర చుట్టల్ని ఒకదానికొకటి రాపిడి చేసి, గరుకు పొలుసులతో రంపం కోస్తున్నట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విన్నాక ఒక్క అడుగు కూడా ముందుకు వేయొద్దు.

మోసపోయేది కట్లపాము దగ్గర. పగటిపూట కదిలిస్తే తరచుగా చుట్టల కింద తల దాచుకుంటుంది, సాధువులా ఉంటుంది. రాత్రి చురుగ్గా తిరుగుతుంది, దాని కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. దాచిన తలను చూసి దాని స్వభావం మంచిదని తేల్చడం ప్రమాదం. అమెరికాలోని హాగ్‌నోస్ పాము ఇంకో దారి పడుతుంది. వెల్లకిలా పడి, నోరు తెరిచి, చచ్చినట్టు నటిస్తుంది. దాన్ని బోర్లా తిప్పితే మళ్లీ వెల్లకిలా పడుతుంది.

కళ్లు కూడా చూడండి. పాముకు కనురెప్పలు లేవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. కుబుసం విడిచే ముందు అది మసకగా, నీలిగా మారుతుంది. సరిగ్గా కనిపించని పాము తొందరగా బెదురుతుంది. కళ్లు మసకగా ఉన్న పామును వదిలేసి వచ్చేయండి, ఇంకో రోజు చూడొచ్చు.

ఎస్ వంపు చూశాక చేయాల్సింది ఇది. ముందు రాయిలా ఆగండి. కాలు నేలకేసి తట్టొద్దు, ఏమీ విసరొద్దు, పక్కవాళ్లను పిలవడానికి చేయి ఊపొద్దు. బరువు వెనక కాలి మీదికి తెచ్చుకోండి. ఒక అడుగు నిదానంగా వెనక్కి, ఆగండి, చూడండి. తల కొంచెం దిగితే ఇంకో అడుగు. దిగకపోతే అలాగే ఉండండి. వీపు తిప్పి పరుగెత్తొద్దు, వెనక ఏముందో చూడకుండా తూలి పడేవారే ఎక్కువ. దూరం పెరిగేకొద్దీ వంపు సడలుతుంది, పడగ మూసుకుంటుంది. మిమ్మల్ని మింగడం దానివల్ల కాదు కాబట్టి మీ మీద విషం ఖర్చు పెట్టడం దానికి నష్టం. దారి దొరికితే పోతుంది.

రంగునూ తల ఆకారాన్నీ బట్టి విషపాము అవునో కాదో తేల్చే పద్ధతి చాలామంది నేర్పుతారు. నేను దాన్ని ఒప్పుకోను. తల త్రికోణంగా ఉంటేనే విషం అంటారు. నాగుపాము, కట్లపాము తలలు త్రికోణంగా ఉండవు. విషం లేని పాములు కూడా బెదిరితే తల చదును చేసి త్రికోణంలా చూపిస్తాయి. కట్లపాము చారల్ని పోలిన చారలున్న విషం లేని పాములున్నాయి. రంగు కాంతిని బట్టి, వయసును బట్టి మారుతుంది. మెడ వంపు మాత్రం చాలా జాతుల్లో ఒకే సంగతి చెబుతుంది. అందుకే జాతి పేరు తర్వాత, వంపు ముందు.

ఇంత చేసినా కాటు పడితే: కాటు పడిన భాగాన్ని కదలనివ్వకండి, ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం వద్దు. విషపు కాటుకు మందు యాంటీవెనమ్ ఒక్కటే, పామును వెతికి చంపుతూ టైమ్ పోగొట్టుకోవద్దు.

వెళ్లిపోయాక

పాము దూరిన చోటికి వెళ్లి చూడొద్దు. నిలబడ్డ చోటే నోట్‌బుక్ తీసి టైమ్, ఎండ, నేల ఎలాంటిదో, పాకిన తీరు, ఆగిన ప్రతిసారీ మెడ ఎలా ఉందో రాసుకోండి. మెడ వంపును బొమ్మగా గీయండి, మాటల్లో రాస్తే తర్వాత అర్థం కాదు.

రెండు పాములు పెనవేసుకుని పైకి లేవడం చూస్తే దాన్ని సయ్యాట అని రాయకండి. చాలాసార్లు అవి రెండూ మగవే. ఒకదాని తలను ఇంకోటి నేలకు వంచాలని పెనుగులాడతాయి, ఓడింది పక్కకు తప్పుకుంటుంది. జెర్రిపోతుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఏది పైచేయి సాధించింది, ఎంతసేపు పట్టింది, ఓడింది ఎటు వెళ్లింది రాసుకోండి. అవి ఆ గొడవలో ఉన్నా సరే, 5 మీటర్ల లెక్క తప్పొద్దు.