చలి పొద్దున పాత ట్రాక్టర్ స్టార్ట్ కావాలంటే

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలి నొక్కుకుని వేడెక్కితేనే డీజిల్ అంటుకుంటుంది. ఆదిలాబాద్, లంబసింగి వైపు జనవరి తెల్లవారుజామున చల్లబడ్డ ఇంజిన్ బ్లాకు (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) ఆ వేడిని లాగేసుకుంటుంది. పైగా సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) మెల్లగా తిప్పితే అరిగిన పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి జారిపోతుంది. కాబట్టి డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాజిళ్ల జోలికి వెళ్లేముందు ఇంజిన్ జోరుగా తిరుగుతోందో లేదో చూడండి. పంపు విప్పించి డబ్బు పోశాక బ్యాటరీ వైరు వదులని తేలడం మామూలే.

రాత్రంతా ఆగి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ పొద్దున్నే మల్టీమీటరులో 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే దిగకూడదు. బ్యాటరీ బాగానే ఉండి సెల్ఫ్ మూలుగుతుంటే ఎర్త్ వైరును అనుమానించండి. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని ఇంజిన్ బ్లాకుపై రంగు లేని చోట ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటిందంటే వైరు కొసల్లో తుప్పో, వదులో ఉంది. నెగటివ్ ముందు విప్పి, ఉప్పుకాగితంతో తెల్లగా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజలీన్ రాయండి.

ఇప్పుడు స్టార్టింగ్. గేరు న్యూట్రల్‌లో పెట్టి, పీటీఓ (పనిముట్లను తిప్పే వెనక షాఫ్ట్) విడిపించి, ఇంజిన్ ఆపే నాబ్ పూర్తిగా లోపలికి నొక్కండి. హ్యాండ్ థ్రాటిల్ ముప్పావు వంతు తెరవండి. క్లచ్ చివరిదాకా తొక్కి పట్టుకోవడం చాలామంది వదిలేసే పని. తొక్కితే గేరుబాక్సులో చిక్కబడ్డ ఆయిల్‌ను తిప్పే బరువు సెల్ఫ్ మీద పడదు. కొన్ని పాత పెర్కిన్స్ కంపెనీ తరహా ఇంజిన్లకు మానిఫోల్డ్‌లో (సిలిండర్లలోకి గాలి వెళ్లే గొట్టం) హీటర్ ఉంటుంది. అది ఉంటే తాళాన్ని హీట్ దగ్గర 15-20 సెకన్లు ఆపి, తర్వాత సెల్ఫ్ కొట్టండి. ఒక్కసారికి 10-15 సెకన్లు చాలు, మధ్యలో నిమిషం ఆగాలి. ఆగకుండా కొడితే సెల్ఫ్ వైండింగ్ కాలిపోతుంది.

అందుకోకపోతే సైలెన్సర్ వైపు చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ అందుతోంది, వేడి చాలడం లేదు. హీటరు, తిరిగే వేగం, కంప్రెషన్ చూసుకోవాలి. పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. ఒక్కసారి అందుకుని వెంటనే ఆగిపోతే లైనులో గాలి చేరినట్టు. ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా చేతి ప్రైమర్ కొట్టి బిగించండి. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గరా అంతే చేయండి. రోజూ పొద్దున ఇదే తంతు అయితే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులు, రాగి వాషర్లు చూడండి. అక్కడ డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పీల్చుకుంటుంది.

వేసవిలో డ్రమ్ములో దాచిన డీజిల్‌ను చలికాలంలో పోయకండి. మన ప్రమాణాల ప్రకారం ఫిల్టర్‌లో మైనం పేరుకునే ఉష్ణోగ్రత పరిమితి వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు, చలికాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు.

హీటర్ ఉన్న ఇంజిన్‌లో ఈథర్ స్ప్రే (ఇంజిన్ త్వరగా అంటుకోవడానికి కొట్టే మందు) కొడితే మానిఫోల్డ్‌లోనే పేలొచ్చు. ఆయిల్ చాంబర్ కింద మంట పెట్టకండి, వైర్లూ డీజిల్ పైపులూ అక్కడే ఉంటాయి. అవసరమైతే రేడియేటర్ నీళ్లు దింపి, చేయి పెట్టగలిగినంత వేడినీళ్లు మెల్లగా పోయండి. మరిగే నీళ్లు పోస్తే హెడ్డు పగలొచ్చు. కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ షార్ట్ చేయడం అన్నిటికంటే ప్రమాదం: గేరులో ఉంటే బండి మీదికొచ్చేస్తుంది.

అందుకున్నాక రేజ్ తగ్గించి, ఆయిల్ ప్రెషర్ చూసి, ఐదు నిమిషాలు బరువు లేకుండా తిరగనివ్వండి. సాయంత్రం ట్యాంకు నింపి పెట్టండి. ఖాళీ ట్యాంకులో చెమ్మ పట్టి అడుగున నీరు చేరుతుంది, దాన్ని ఫిల్టర్ అడుగు స్క్రూ తిప్పి పొద్దున సెల్ఫ్ కొట్టకముందే వదిలేయాలి.