ఈక్విటేషన్ జంపింగ్: జడ్జి మార్కులు ఎలా వేస్తారు

అమెరికాలోని హంటర్ సీట్ ఈక్విటేషన్ (గుర్రాన్ని అడ్డంకులు దూకిస్తూ స్వారీ నైపుణ్యం చూపే) పోటీల్లో గుర్రం అందానికి మార్కులుండవు, చూసేది రౌతునే. స్కోరు 100కి.

కూర్చునే తీరు చూడండి. మడమ కిందికి, చూపు రాబోయే అడ్డంకి మీద, మోచేయి నుంచి గుర్రం నోటిదాకా ఒకే సరళరేఖ. గుర్రం గాల్లోకి లేచేలోపే ముందుకు వాలితే, లేదా వెనకబడి పగ్గాలు పట్టి లాగితే, మార్కులు తగ్గుతాయి.

అసలు తేడా తేలేది లెక్క దగ్గర. గుర్రం అంగ 12 అడుగులనుకుంటే, రెండు అడ్డంకుల మధ్య 60 అడుగుల దూరంలో నాలుగు అంగలు పడాలి. దిగడానికి 6, లేవడానికి 6 అడుగులు పోతాయి. మలుపు సరిగా తిరగకపోతే వేగం చెడి, ఐదో అంగ ఇరికించాల్సి వస్తుంది. కాబట్టి మలుపులోనే వేగం కుదుర్చుకోండి.

గుర్రం మొరాయించడం, రికాబు (పాదం పెట్టే ఆధారం) జారడం, మధ్యలో ట్రాట్‌కు (దౌడు కన్నా నెమ్మదైన పరుగుకు) దిగడం పెద్ద తప్పులు. దారి తప్పినా, కింద పడినా పోటీ నుంచి ఔట్.

పై స్థానాల్లో ఉన్నవారిని జడ్జి మళ్లీ పరీక్షించవచ్చు: రికాబులు లేకుండా స్వారీ, ట్రాట్‌లో దూకించడం, గుర్రాలు మార్చుకోవడం. రికాబుల్లేని సాధన ముందునుంచీ చేయండి, అక్కడే చాలామంది పట్టు తప్పుతారు.